చేరువనున్న శాంతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో పఠింపబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు వచ్చుచున్న వారందఱును పరీక్షలకు చదువువారు కారు. పత్రికలలో వార్తలు తెలిసికొనుటకు మాత్రమే వచ్చువారును కారు. ఇంటిలో దొరకని ఒక గడియ నెమ్మదికై వచ్చువారు కొందఱు గలరు. వారు పుస్తకము తెరచి, రెండు పుటలు త్రిప్పి, కిటికీవైపు చూచుచు కూర్చుందురు. అట్టివారిని చూచి, చదువు లేని పఠనమని పరిహసించుట తగదు. వారు వెదకునది ఏదియో అదియే ఈనాటి ప్రసంగమునకు విషయము. మనశ్శాంతి ఎక్కడ దొరకును? దానికై ఎంత దూరము పోవలెను?

నేటి మనుజుడు శాంతికై దూరమునే చూచుచున్నాడు. సెలవు దొరికిన ఉద్యోగి కొండలకును సముద్రతీరములకును పోవుచున్నాడు. వయసు చెల్లినవారు తీర్థములకు పోవుచున్నారు. తీర్థయాత్ర నింద్యము కాదు. కొండగాలి చెడ్డదియు కాదు. కాని పోయినవాడు నాలుగవనాడు తిరిగి రాక తప్పదు. వచ్చునప్పటికి అప్పు పత్రము, గట్టు తగవు, బిడ్డల చదువు, ఇంటి వెచ్చము అన్నియు గుమ్మములోనే ఎదురుచూచుచుండును. ఏటికి 365 దినములు. అందు 360 దినములు ఇంటియొద్ద గడపువానికి తక్కిన 5 దినముల శాంతి ఏపాటి? లెక్క తెలిసినవాడెవ్వడును ఈ పద్దును లాభములో వ్రాయడు. కావున నిత్యము నడచు త్రోవలోనే నెమ్మది దొరకవలెను. లేనియెడల అది దొరకనట్లే.

పూర్వకవులు ఈ సంగతి ఎఱుగనివారు కారు. కాళిదాసు శాకుంతలమున కణ్వాశ్రమమును వర్ణించినాడు. ఆ యాశ్రమము ప్రశాంతమైనదని అందఱును చెప్పుకొందురు. ఆ ప్రశాంతి ఎట్లు కలిగినదో నాలుగవ యంకములో కవియే తెలిపినాడు. శకుంతల అత్తవారింటికి పోవునపుడు కణ్వుడు చెట్లను పిలిచి ఆమెకు సెలవిమ్మని కోరును. చెట్లకు నీరు పోయనిదే ఆమె తాను నీరు త్రాగెడిది కాదట; చిగురు తుంపుకొని సింగారించుకొనుటకు ఆమెకు మనసొప్పెడిది కాదట. అడవి ఊరక శాంతము నీయలేదు. ప్రతిదినము కుండతో నీరు మోసిన చేతులకు ఆ శాంతము దక్కినది. చూచి పోవువానికి వనము వనమే; నీరు పోసినవానికి అది బంధువర్గము.

తెలుగు కవులలో మఱియొక తార్కాణము గలదు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యము నేలిన చక్రవర్తి. దండయాత్రలలో జీవితము గడపినవాడు. ఆయన ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరును వర్ణించుచు ఒక చిన్న దృశ్యము చూపినాడు. తెల్లవాఱుజామున పొలము కాలువలో బాతులు తల ఱెక్కలలో దూర్చుకొని నిద్రించుచుండును. తలారులు వానిని చూచి, స్నానమాడి పోయిన బ్రాహ్మణులు మఱచిన తడిబట్టల ముద్దలనుకొని, ఇండ్లకు చేర్చుదమని రేవులోనికి దిగుదురు. బాతులు ఎగిరి పాఱిపోవును. వరిచేను కాచు పడుచులు అది చూచి నవ్వుదురు. ఇందు యుద్ధము లేదు, రత్నసింహాసనము లేదు. పంటకాలువ, బాతులు, కావలివాండ్రు, ఒక నవ్వు. ఇంతే. ఏనుగులును కోటలును తనవైన రాజు పంటకాలువ గట్టున నిలిచి చూచినదానిని కావ్యములో నిలిపినాడు. అట్టి కాలువ ఈ ఊరికిని ఉన్నది. చూచువారే తక్కువ.

ఇవి కవుల మాటలేయని త్రోసివేయువారికి శాస్త్రజ్ఞుల మాట యొకటి చెప్పవచ్చును. రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి ఒక ఆసుపత్రి దస్తరములను పరిశీలించి, 1984లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. అందఱును పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన రోగులే. 23 మంది గది కిటికీలోనుండి చెట్లు కనబడెడివి. వారికి సాటియైన 23 మందికి ఇటుకగోడ కనబడెడిది. చెట్లు చూచినవారు సగటున ముప్పాతిక దినము ముందుగా ఇంటికి పోయిరి. గట్టి నొప్పి మందులును తక్కువగా పుచ్చుకొనిరి. చెట్టు మందునకు బదులని దీని యర్థము కాదు. ఆ రోగులు అడవికి పోలేదు. మంచము దిగి నాలుగడుగులు వేయుటయే వారికి కష్టము. కిటికీ అవతల నాలుగు చెట్లుండుటయే ఆ భేదమునకు చాలినది. అది విన్నపిదప, గ్రంథాలయములో కిటికీవైపు చూచుచు కూర్చున్నవానిని సోమరియనుటకు ఎవ్వరికి నోరాడును?

ఇక ఈ ఊరి కిటికీ అవతల ఏమున్నదో గమనింపుడు. చైత్రమున వేప పూచును. ఉగాది పచ్చడికి కోసినంత కోయగా మిగిలిన పూవు వాకిట రాలి తెల్లగా పఱచుకొనును. వానకాలమున బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాండ్లు గూళ్లు కట్టును. మగపక్షి గడ్డిపోచలు తెచ్చి సగము గూడు అల్లి నిలుపును. ఆడపక్షి వచ్చి పరీక్షించును. నచ్చెనా, తక్కిన పని సాగును. నచ్చదా, ఆ సగము గూడు అట్లే గాలికి వ్రేలాడును. ఇల్లు కట్టి పెండ్లికి పిల్లను వెదకు గృహస్థుల కష్టము తెలిసినవారికి ఆ సగము గూడు చూచినపుడు నవ్వు రాకపోదు. ఆ నవ్వుతో మనసు మీది బరువు కొంత దిగును. రాత్రివేళ తీతువు అఱచినచో అపశకునమని ఇంటిలో ముసలివారు దిగులుపడుదురు. నిజమునకు ఆ పిట్ట బట్టబయలు నేలమీద గ్రుడ్లు పెట్టునది. కుక్కయో నక్కయో మనుష్యుడో దాపునకు వచ్చినపుడు తన గ్రుడ్లను కాచుకొనుటకు అఱచును. ఒక తల్లి కావలి కాయుచున్నదని తెలిసినవానికి ఆ కూత వలన భయము కలుగదు. అర్ధరాత్రి తానొక్కడే మేలుకొని యుండలేదను ధైర్యము కలుగును.

ఈ చూపు నిలుచుటకు పెద్దలు ఆచారములు ఏర్పఱచిరి. వినాయక చవితి పూజకు 21 పత్రములు వలయును. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, గన్నేరు, విష్ణుక్రాంతము, వావిలి, జమ్మి, రావి, జిల్లేడు మున్నగు నీ పత్రులలో అధికభాగము ఊరి పొలిమేర దాటకుండనే దొరకునవి. పిల్లలు ముందునాడు బుట్టలు పట్టుకొని తిరిగి ఏది ఎక్కడ మొలచునో నేర్చుకొనెడివారు. తెలంగాణమున బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు పొలములలో కోసి, పేర్చి, పాడి, తుదకు ఊరి చెరువులోనే నిమజ్జనము చేయుదురు. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము సేయుదురు. భక్తి ఒక ప్రయోజనము. ఏటికొకసారియైన ప్రతి గృహమును తన చుట్టునున్న నేలను తొక్కి చూచుట రెండవ ప్రయోజనము. నేడు పత్రి అంగడిలో కట్టలుగా దొరకుచున్నది. పూజకు లోపము లేదు. కాని జిల్లేడునకును ఉమ్మెత్తకును భేదమెఱుగని బాలుడు పెరుగుచున్నాడు. పేరు తెలియని చెట్టు నఱికినపుడు ఎవ్వరికిని బాధ కలుగదు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. ఎండలో నాట్లు వేయు కూలికి, అప్పుతో విత్తనము కొన్న రైతునకు ప్రకృతి సౌందర్యమెక్కడిది? వానికి అది ఎండ, బురద, పురుగు, కఱవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల ప్రాణములు పోయినవి. ఆ సముద్రమును శాంతిప్రదాతయని ఎవ్వడు పొగడగలడు?

ఆక్షేపము న్యాయమైనదే. ప్రకృతి దయగలదగుట చేత శాంతి నిచ్చునని చెప్పుట సత్యము కాదు. అది ఎవ్వరి కష్టమును లెక్కింపదు. అయినను మనుజుని కలతలో అధికభాగము, లోకమంతయు తన పద్దు చుట్టునే తిరుగుచున్నదను భ్రమ వలన పుట్టును. తగవు ఓడినవాడు చెరువుగట్టు మీదికి వచ్చునపుడు లకుముకి పిట్ట ఎప్పటివలెనే నీటిలోనికి దూకుచుండును. దానికి అతని ఓటమి తెలియదు. తన దుఃఖమునకు ఆవల కూడ జీవితము సాగుచున్నదని కన్నులార చూచుట ఒక విశ్రాంతి. దీనికి తీరిక అక్కఱలేదు. ఒక నిలుకడ చాలును. కలుపు తీయు స్త్రీ నడుమెత్తి గాలికి మొగము చూపు క్షణములో ఆ నిలుకడ యున్నది.

ఈ ప్రాంతమున ఒక వృద్ధ కృషీవలుడుండెను. భార్య గతించినది. కుమారులు పట్టణమునకు తీసికొనిపోయిరి, క్షేత్రములు త్రిప్పిరి, వైద్యులకు చూపిరి. కంటికి కునుకు లేదు. తుదకు ఆతడు మొండిగా ఊరికి తిరిగి వచ్చెను. ఒకనాడు చెరువు తూము కాలువలో తూటికాడ పెరిగి నీరు నిలిచిపోవుట చూచి, కొడవలి తెచ్చి నాలుగు గజములు కోసి పోయెను. మఱునాడు నాలుగు గజములు. ఎవ్వరును అడుగలేదు, కూలి ఎవ్వరును ఇయ్యలేదు. కొన్ని నెలలకు కాలువ తెఱపియైనది. ఏ మూల కప్పలు చేరునో, ఏ గట్టున ఎండ ముందు పడునో ఆతనికి కంఠస్థమయ్యెను. నిద్రయు వచ్చెను. దుఃఖము పోయినదా యని ఒకరు అడుగగా, “పోలేదయ్యా. దానికీ కూర్చోను ఇంత చోటు దొరికింది” అని ఆతడు చెప్పెను. శాంతియనగా దుఃఖము లేకపోవుటయని గ్రంథములు చదివినవారు తలంతురు. దుఃఖమునకు చోటిచ్చి తానును బ్రతుకుట శాంతియని ఆ చదువురాని వృద్ధుడు తెలిపెను.

చెరువు మాట వచ్చినది కావున ఒక శాసనమును స్మరింపవలెను. కడప జిల్లా పోరుమామిళ్ల శాసనము శకము 1291, అనగా క్రీస్తు శకము 1369 నాటిది. విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట చెరువు కట్టించెను. దినమునకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరములు పనిచేసినట్లు అందు వ్రాసియున్నది. మంచి చెరువునకు వలసిన 12 అంగములును, పరిహరింపవలసిన 6 దోషములును ఆ శాసనము లెక్కించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రమెఱిగిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి యేఱు, దిట్టమైన రాతికట్ట, పనివారి సమూహము, ఇట్లు ఆ వరుస సాగును. కట్టనుండి నీరు ఊరుట, చౌడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మున్నగునవి దోషములు. చెరువును సప్తసంతానములలో ఒకటిగా, అనగా కన్నబిడ్డతో సమానముగా, పూర్వులు ఎంచిరి. బిడ్డకు అన్నము పెట్టినంత మాత్రమున చాలదు. ప్రతిదినము కన్నువేసి యుండవలెను. శాసనములోని 12 అంగములకు పదుమూడవ అంగము నొకదానిని చేర్చుటకు నేటి కాలమున అవసరము కలిగినది. అది చెరువును ప్రతిదినము చూచు కన్ను.

ఆ కన్ను ఏల మూతపడెనో విచారింపుడు. పూర్వము నీటి బిందెకై, బట్టలుతుకుటకై, పశువులను కడుగుటకై, స్నానమునకై ఊరంతయు చెరువునకు పోవలసి యుండెను. కుళాయి ఇంటికి వచ్చెను; బోరు పొలమునకు వచ్చెను. బిందె మోసిన స్త్రీలకు అది గొప్ప మేలు. దానిని తక్కువచేసి చెప్పరాదు. కాని అడుగు తప్పిన చోట చూపు తప్పినది. చూపు తప్పిన చోట గుఱ్ఱపుడెక్క అల్లుకొనినది. కట్టమీద సర్కారు తుమ్మ పెరిగినది. పిమ్మట శిఖమున ఒక గట్టు ముందునకు జరుగును. మఱుసటి యేడు ఒక గోడ లేచును. అడంగలులో చెరువు విస్తీర్ణము అట్లే యుండును. నేలమీద అది తఱుగుచుండును. గట్టుమీది సాయంకాలపు గాలికి ఏ లెక్కలోను పద్దు లేదు కావున అది పోయినపుడు ఫిర్యాదు వ్రాయువాడును లేడు.

చట్టము నిద్రించుట లేదు. పంజాబు రాష్ట్రమునందలి ఒక గ్రామ చెరువు విషయమై 2011 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములలోని అక్రమ ఆక్రమణములను తొలగించుటకు పథకములు సిద్ధపఱుపవలెనని రాష్ట్ర ప్రభుత్వములన్నింటిని ఆదేశించెను. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేరున 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించి పని ప్రారంభించెను. పూడిక మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. తీర్పులును పథకములును మేలే. అయినను న్యాయస్థానము రోజును గట్టుమీద నడువదు. ప్రభుత్వము తూటికాడ కోయుటకు ప్రతి ఉదయము కొడవలి తీసికొని రాదు.

ఊరివారే కాచుకొనిన ఉదాహరణములు తెలుగునాట గలవు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దాపున తేలినీలాపురమునకు గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును ఏటేట వచ్చి ఊరి చింతచెట్లమీదనే గూళ్లు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురమునను కొంగలు ఇండ్లనడుమ చింతలమీద నివసించును. పక్షుల రొద తక్కువ కాదు. చేపల కంపును రెట్టలును తక్కువ కావు. అయినను ఆ గ్రామస్థులు వాని రాకను శుభముగా నెంచి, వేటాడనీయక సహించుచున్నారు. దూరదేశముల వారు ఆ పక్షులను ఒకపూట చూచి సంతోషించి పోవుదురు. వాని పిల్లలకు ఱెక్కలు వచ్చు దినము కొఱకు వేచియుండు సంతోషము ఊరివారిది.

గ్రంథాలయమునకు ఇందు పనియేమని కొందఱు శంకింపవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము పుస్తకములను బీరువాలలో పెట్టి తాళము వేయుటకు పుట్టినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది మొదలు కార్యకర్తలు పుస్తకమును జనుల నిత్యజీవనములోనికి కొనిపోవ యత్నించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపించిరి. ఆనాడు పుస్తకము నీటి వెంబడి పోయి పాఠకుని కలిసికొనెను. నేడు పాఠకుడు పుస్తకము వెంబడి నీటియొద్దకు పోవుట న్యాయము.

దానికి ఈ రజతోత్సవ సమయమున ఒక చిన్న పని ఆరంభింపవచ్చును. గ్రంథాలయములో వార్తాపత్రికల బల్లమీద ఒక నోటుపుస్తకము ఉంచవలెను. వారమునకొక పాఠకుడు చెరువుగట్టు ఈ కొననుండి ఆ కొనవఱకు నడచి వచ్చి అందు నాలుగు పంక్తులు వ్రాయవలెను. తూమువద్ద నీరు ఎన్ని మెట్లకున్నది? అలుగు ఏనాడు పాఱినది? వేప ఏనాడు పూచినది? కొంగలు వచ్చినవా? గట్టు ఎక్కడైన కోసుకొనినదా? క్రొత్తగా ఎవ్వరైన కంచె నాటిరా? చదువురాని నీరుగంటి చెప్పగా బడిపిల్లవాడు వ్రాయవచ్చును. వ్యయము ఒక పుస్తకము, ఒక పెన్సిలు. పదియేండ్లకు అది ఏ దస్తరమునందును లేని చెరువు చరిత్రయగును. ఆక్రమణమును నిరూపించుటకు సాక్ష్యముగను పనికివచ్చును. వ్రాయుటకై నడచినవారికి ఆ నడక వలన కలుగు నెమ్మది వేఱు లాభము.

చెరువును కాచుకొనుటకును మనసు కుదుటపడుటకును సాధనము ఒక్కటియే: ప్రతిదినము పోయి చూచుట. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము తెరచిన పెద్దలు అక్షరమును వాకిటికి తెచ్చిరి. రానున్న ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము సేయువారు, ఆ సభ ముగిసిన పిదప సాయంకాలము నడచి పోయి కూర్చుండుటకు గట్టును, గట్టు ప్రక్కను నీరును ఉండునట్లు చూచుట నేటి వారి బాధ్యత.

సభ ముగియువేళకు ఎండ తగ్గును. ఇంటికి పోవువారు ఈ పూట చెరువుగట్టు మీదుగా పోవుదురుగాక.

స్వస్తి.